కూజా మొక్కకి పెరుగన్నం

మా అపార్ట్‌మెంటులో బల్లులకి కూడా నోటీసు ఇచ్చాం. మెట్ల మలుపులో ఒకటి, లిఫ్టు పక్కన ఒకటి, మేడమీద నీళ్ల ట్యాంకుకి ఒకటి అంటించాం. రాసింది నేనే. బల్లులు చదివాయో లేదో తెలియదు గాని, భాష బాగా కుదిరిందని పై అంతస్తు వాళ్లు కూడా దిగొచ్చి మెచ్చుకున్నారు.

వ్యవహారం బల్లుల దాకా ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు నా జబ్బు సంగతి చెప్పాలి. నా పేరు రామబ్రహ్మం. ఒక ప్రభుత్వ కార్యాలయంలో ముప్ఫై ఏళ్లు ఫైళ్ల మీద నోట్లు రాసి, సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. "కుళాయి పాడైంది" అని రాయాల్సిన చోట "జలప్రవాహ నియంత్రణ సాధనము క్రియాశూన్యమై యున్నది" అని రాస్తే గాని నాకు మధ్యాహ్నం అన్నం సహించేది కాదు. పై ఆఫీసరు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివేవాడు. కుళాయి ఎప్పుడూ బాగయ్యేది కాదు. నాకు మాత్రం పేరొచ్చింది.

రిటైరయ్యాక కాకినాడలో సాత్విక సౌధ అనే అపార్ట్‌మెంటులో 202 కొనుక్కున్నాం. పేరుకు తగ్గట్టే అందులో సొంతదారులందరూ శాకాహారులు. నేనూ అంతే. మా ఆవిడ అనసూయ అయితే కేకులో గుడ్డుంటుందేమోనని పుట్టినరోజులకి కూడా సున్నుండలే పంచుతుంది. వచ్చిన కొత్తలోనే నన్ను సంక్షేమ సంఘానికి కార్యదర్శిని చేశారు. అధ్యక్షులు విశ్వపతి గారు బ్యాంకులో పెద్ద మేనేజరుగా చేసిన మనిషి. ఆయనకి దాహమేస్తే "మంచినీళ్లు" అనరు. "జలసంబంధమైన ఆవశ్యకత ఒకటి ఉత్పన్నమైనది" అంటారు. మీరిద్దరూ కలిసిన రోజే ఈ బిల్డింగుకి శని పట్టిందండీ అని అనసూయ ఇప్పటికీ అంటుంది.

మొదటి సమావేశంలోనే ఆయన ఒక కాగితం తీశారు. "ఆవరణలో మాంసాహారం వండరాదు" అని ఉంది. నాకు జాలేసింది.

"ఇది జల్లెడండీ," అన్నాను. "వండకుండా బయటినుంచి తెచ్చుకుంటే? గుడ్డు మాంసం కాదని వాదిస్తే?"

"అయితే తమరే ముసాయిదా చేయండి," అన్నారు.

వారం రోజులు కూర్చుని రాశాను. నిబంధన పద్నాలుగు ఇదీ: "సాత్విక సౌధ ఆవరణలో నివసించు ఏ జీవియు, మరే జీవిని గాని, జీవి కాదగిన పదార్థమును గాని, ఆహారముగా స్వీకరించరాదు."

"మనిషి" అని రాసి ఊరుకోవచ్చు. కాని రేపెవరైనా కుక్కని పెంచి దానికి మాంసం పెడితే? అందుకని "జీవి" అన్నాను. "గుడ్డు" అని రాసి ఊరుకోవచ్చు. అది మరీ సంత మాటలా తోచింది. అందుకని "జీవి కాదగిన పదార్థము" అన్నాను. కోశాధికారి మాణిక్యాంబ గారు చదివి, "అన్నయ్యగారూ, నేను పొద్దున్నే మొలకెత్తిన పెసలు తింటానండీ. అవీ జీవి కాదగినవే కదా?" అని కంగారుపడ్డారు. దాంతో "వృక్షజాతి జీవిగా పరిగణింపబడదు" అని ఒక సవరణ చేర్చాం. చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను.

ఇక నా రెండో జబ్బు కూజా మొక్క.

చిన్నప్పుడు సైన్సు పుస్తకంలో దాని బొమ్మ చూశాను. ఆకు కొసన ఈనె తీగలా సాగి, దాని చివర మూతతో సహా చిన్న కూజా వేలాడుతుంది. పురుగొచ్చి అంచు మీద వాలుతుంది, కాలు జారి లోపలి నీళ్లలో పడుతుంది, మొక్క దాన్ని నింపాదిగా అరిగించుకుంటుంది. కూర్చున్న చోటు నుంచి కదలకుండా అన్నీ తన దగ్గరికే రప్పించుకునే ఆ పద్ధతి చూసే, పెద్దయ్యాక ప్రభుత్వోద్యోగం చేయాలని నిశ్చయించుకుని ఉంటాను.

రిటైరయ్యాక దాన్ని విత్తనం నుంచి పెంచుదామని కూర్చున్నాను. మొదటిసారి ఎర్రమట్టిలో పశువుల ఎరువు, వేపపిండి కలిపి, బెండ విత్తనాల్లా వేలితో గుచ్చి నాటాను. ఒక్కటీ మొలవలేదు. ఎరువు దానికి విషమట. నేలలో సారం ఉంటే దానికి పురుగుల్ని పట్టుకోవలసిన ఖర్మేమిటి అని అప్పుడు గాని నాకు తట్టలేదు. రెండోసారి ఆన్‌లైన్లో తెప్పించినవి బ్రహ్మాండంగా మొలిచాయి. కూజాల కోసం నెలల తరబడి ఎదురు చూశాను. మిరపకాయలు కాశాయి. అనసూయ వాటితో బజ్జీలు వేసి, "మీ మొక్క మహా రుచిగా ఉందండీ," అంది.

మూడోసారి కడియంలో ఒక నర్సరీ ఆయన నా అవస్థ చూడలేక తాజా విత్తనాలు చేతిలో పెట్టాడు. రాలిన కనురెప్ప వెంట్రుకల్లా ఉన్నాయి. తడి నాచు మీద పైపైన చల్లి, కాజాలు వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత వేసి, ఎండ వాలుగా పడే చోట ఉంచాను. నేను తుమ్మితే ఎగిరిపోతాయని అనసూయ నా మూతికి తువ్వాలు కట్టింది.

పెద్ద చిక్కు నీళ్లతో వచ్చింది. మా కుళాయి నీళ్లు ఉప్పన. ఆ నీళ్లు పోస్తే మొక్క చస్తుంది. వాన నీళ్లన్నా పోయాలి, ఏసీ నుంచి కారే నీళ్లన్నా పోయాలి. మాకు ఏసీ లేదు. మా పైన 302లో అద్దెకుండే నూకరాజు ఏసీ గొట్టం మాత్రం సరిగ్గా మా బాల్కనీలోకే కారుతుంది. దాని మీద నేను అప్పటికే "అనధికార జలస్రావము" అని సంఘానికి ఫిర్యాదు రాసి ఉన్నాను. మర్నాడే ఫిర్యాదు వెనక్కి తీసుకుని, గొట్టం కింద బక్కెట్టు పెట్టాను.

నూకరాజు పోర్టులో క్రేను నడుపుతాడు. పైనుంచి తొంగి చూసి, "సార్, బక్కెట్టు నిండిందాండీ? లేపోతే ఇంకాసేపు ఏస్తానండి," అనేవాడు. సంక్రాంతి చలిలో కూడా నా మొక్క కోసం మధ్యాహ్నాలు ఏసీ వేసి, మొగుడూ పెళ్లాం దుప్పట్లు కప్పుకుని కూర్చునేవారట. వాళ్లావిడ దుర్గ ఈ మాట అనసూయతో చెప్పి నవ్విందట.

నేనూ మూత తీసి చూడటం, మూత పెట్టడం. "ఏముందండీ అందులో?" అని అనసూయ. "మొక్క." "ఏదీ?" "కళ్లజోడు పెట్టుకో." కొన్నాళ్లకి కళ్లజోడు లేకుండా కూడా కనపడే పచ్చ చుక్కలు వచ్చాయి. కొన్ని బూజు పట్టి పోయాయి. కొన్ని ఎండకి పోయాయి. చివరికి ఒకే ఒక్కటి మిగిలింది. మూడేళ్లు పెంచాను దాన్ని. ఆవగింజంత కూజా వేసిందని వీధిలో పోయేవాళ్లని పిలిచి చూపించాను. బొటనవేలంత కూజాకి మూత విచ్చుకున్న రోజు నాకు కళ్లనీళ్లొచ్చాయి. మొక్కకి ఏడవడం ఏమిటని మీరనొచ్చు. నేను ప్రమోషనుకి కూడా అంత సంతోషించలేదు.

ఆ వారమే 302 వాళ్ల చెత్తబుట్టలో గుడ్డు పెంకులు దొరికాయి.

విశ్వపతి గారు వాటిని కవర్లో పెట్టి, పైన తేదీ వేయించి తెచ్చారు. నోటీసు నన్నే రాయమన్నారు. రాశాను: "మీ నివాసమందు జీవి కాదగిన పదార్థము ఆహారముగా స్వీకరింపబడుచున్నట్లు భౌతిక ఆధారములు లభ్యమైనందున, తదుపరి పర్యవసానములకు సర్వ బాధ్యత మీదేనని ఇందుమూలముగా తెలియజేయడమైనది."

"నోటితో ఓ మాట చెబితే పోయేదానికి కాగితమెందుకండీ? రోజూ ఆయన నీళ్లేగా పోస్తున్నారు?" అంది అనసూయ.

"నోటీసిచ్చాక నోటితో మాట్లాడటం పద్ధతి కాదు," అన్నాను.

నూకరాజు గుమ్మంలో నిలబడి, చేతులు కట్టుకుని చదివాడు. "బాగా రాసేరండి," అన్నాడు. వారం తిరక్కుండా సామాను ఎత్తేసి వెళ్లిపోయాడు. బక్కెట్టులో మిగిలిన నీళ్లు మొక్కకి కొన్నాళ్లు సరిపోయాయి. వాటి వెనక మనిషి లేడని నాకు అప్పుడు తోచలేదు, ఎందుకంటే అదే వారం మొక్క తన మొదటి చీమని పట్టింది.

ఆ సంతోషంలో నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. ఫోటో తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద ఇలా రాశాను: "మా కూజా మొక్క ఈ ఉదయం తన ప్రథమ చీమను ఆహారముగా స్వీకరించినదని తెలియజేయుటకు సంతసించుచున్నాను."

మాణిక్యాంబ గారు రెండు దండాలు పెట్టారు. కాసేపటికి విశ్వపతి గారు అత్యవసర సమావేశం పిలిచారు.

"కార్యదర్శి గారి గృహమందు ఒక జీవి మరొక జీవిని స్వీకరించినట్లు స్వయంగా కార్యదర్శి గారే లిఖితపూర్వకంగా అంగీకరించి ఉన్నారు," అన్నారాయన.

నేను లేచాను. "సవరణ చూడండి. వృక్షజాతి జీవి కాదు. జీవే కానిది నిబంధనని ఎలా ఉల్లంఘిస్తుందండీ?"

ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "ఆ సవరణ తినబడే సందర్భమునకు మాత్రమే. తినబడినంతసేపూ అది మొక్క. తినడం మొదలుపెట్టిన క్షణం నుంచీ జీవి."

నేనెందుకు రాయలేకపోయాను ఆ వాక్యం అని అంత బాధలోనూ అసూయ కలిగింది. ఉక్రోషం పట్టలేక, "అయితే ట్యూబులైటు దగ్గర బల్లులు రోజూ పురుగుల్ని తింటున్నాయి కదండీ. వాటికీ నోటీసివ్వండి మరి!" అన్నాను.

వెటకారంగానే అన్నాను. వెటకారం మినిట్స్ పుస్తకంలోకి ఎక్కదు. "బల్లుల ఉల్లంఘనను కార్యదర్శి గారు సంఘం దృష్టికి తెచ్చినారు. వారికి అభినందనలు" అని ఎక్కింది. ముసాయిదా నాకే అప్పగించారు.

ఒకసారి న్యాయం మొదలైతే మధ్యలో ఆగదు. బల్లుల తర్వాత సాలీళ్లు. వాటి గూళ్లని "అక్రమ నిర్మాణములు" కింద చీపుళ్లతో తొలగించారు. కింద అంతస్తు వాళ్ల అక్వేరియంలో చేపలకి ఉడికించిన పాలకూర వేశారు. అవి నీళ్లలో తిరుగుతూ ఒకదాన్నొకటి అనుమానంగా చూసుకునేవి. మెట్ల కింద తిరిగే పిల్లిని మేడ మీద కట్టేసి మజ్జిగ పోశారు. వీటన్నిటికీ ఆహార పరిశీలన ఉపసంఘం ఒకటి వేశారు. దానికి నేనే కన్వీనరుని. కాదంటే మొక్క మీద కక్ష సాధిస్తారని ఒప్పుకున్నాను.

బల్లులు, సాలీళ్లు పోయేసరికి దోమలు ముసిరాయి. "దోమ మాత్రం మనిషిని స్వీకరించడం లేదాండీ?" అని ఒకరు అడిగారు. అధ్యక్షులు ఆలోచించారు. "దోమ ఇక్కడ నివసించదు. వచ్చిపోయే సందర్శకురాలు. నిబంధన వర్తించదు," అని చెప్పి, మోచెయ్యి గోక్కున్నారు.

నా మొక్కని బయట పారేయాలని కొందరన్నారు. పారేయక్కర్లేదు, మార్చవచ్చు అన్నారు విశ్వపతి గారు. "సదరు మొక్కకు సాత్విక పునరావాసం కల్పించాలి" అని తీర్మానం. పురుగులు పడకుండా దాని చుట్టూ దోమతెర కట్టించారు. మాకు దోమలు కుడుతుంటే మొక్క దోమతెరలో పడుకుంది. రోజుకో ఇంటివాళ్లు వంతులు వేసుకుని దానికి భోజనం పెట్టాలి.

ఎవరూ చెడ్డవాళ్లు కారు, అదీ నా బాధ. మాణిక్యాంబ గారు చెమ్చాతో పెరుగన్నం పెట్టి, "తినమ్మా, చలవ చేస్తుంది," అని బుజ్జగించారు. ఒకరు పులిహోర పెట్టారు, కరివేపాకు తీసేసి మరీ. ఇంకొకరు సత్యనారాయణ వ్రతం ప్రసాదం కూజాలో నింపి, మూత మీద కుంకుమబొట్టు పెట్టారు. నేను మర్యాదకి ప్రతిసారీ "సంతోషమండీ" అనేవాణ్ణి. వాళ్లు వెళ్లాక అగరబత్తి పుల్లతో మెతుకులు తోడేవాణ్ణి. తోడినకొద్దీ కూజాలోంచి పులిసిన వాసన.

మొదటి కూజా నల్లబడి కుళ్లింది. రెండోది కింద నుంచి మెత్తబడింది. బక్కెట్టులో నీళ్లు ఎప్పుడో అయిపోయాయి. 302 ఖాళీగా ఉంది, గొట్టం ఎండిపోయి ఉంది. వాన జాడ లేదు. గత్యంతరం లేక కుళాయి నీళ్లు మరగబెట్టి చల్లార్చి పోశాను. ఉప్పు మరిగిస్తే పోతుందా? నా చదువు అంతటిది. ఆకుల అంచులు కాలినట్టు గోధుమరంగుకి తిరిగాయి.

విశ్వపతి గారి దగ్గరికి వెళ్లాను. ముసాయిదా లేకుండా వెళ్లడం అదే మొదటిసారి.

"చచ్చిపోతోందండీ," అన్నాను. "దానికి పురుగులు కావాలి. వదిలేయండి."

"రామబ్రహ్మం గారూ," అన్నారాయన, నిజంగానే నొచ్చుకుంటూ, "నాకు మాత్రం జాలి లేదా? కాని నిబంధన రాసినవారే మినహాయింపు కోరితే 302 వారికి ఏమని సమాధానం చెబుతాం?"

ఇంటికొచ్చి మొక్క ముందు కూర్చున్నాను. నాలుగు ఆకులు మిగిలాయి. కొత్త ఆకు కొసన ఈనె సాగి, బియ్యపుగింజంత మొగ్గ కూజా తొడుగుతోంది. ఇంత జరిగినా దానికి ఇంకా ఆశ ఉంది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. అనసూయ వచ్చి, కుండీని గుడ్డసంచిలో దింపి నా చేతికిచ్చింది.

"నూకరాజు వాళ్లు జగన్నాథపురంలో ఉంటున్నారట. వంతెన దిగాక చేపల మార్కెట్టు వెనకాల. వెళ్లండి."

"ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

"ఉన్న మొహంతోనే వెళ్లండి. అది చచ్చాక కొత్త మొహం తెచ్చుకుని ఏం చేస్తారు?"

ఆటోలో సంచి ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. నూకరాజు వరండాలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచి లుంగీ దించుకున్నాడు.

"రండి సార్, రండి. దుర్గా, సారొచ్చేరు, మంచినీళ్లు తే."

దారి పొడుగునా క్షమాపణకి ముసాయిదా తయారుచేసుకున్నాను. "గతమున సంభవించిన అవాంఛనీయ పరిణామముల దృష్ట్యా" అని మొదలవుతుంది. తీరా నోరు తెరిస్తే, "కొంచెం ఏసీ నీళ్లుంటాయా?" అని వచ్చింది.

నూకరాజు సంచిలోకి తొంగి చూశాడు. "అయ్యో, ఏటండీ ఇలా అయిపోయింది మన మొక్క?" అన్నాడు. మన మొక్క అన్నాడు. పెరుగన్నం సంగతంతా చెప్పాను. కుండీని తనే ఎత్తుకెళ్లి పెరట్లో, ఏసీ గొట్టం కింద, నీడ చూసి పెట్టాడు. చేపల మార్కెట్టు ఈగలు అక్కడ జాతర చేసుకుంటున్నాయి.

దుర్గ నీళ్ల గ్లాసు ఇచ్చి, గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఏదో అడగాలని తటపటాయిస్తోంది.

"బాబుగారూ, ఏటనుకోకండి. ఆ కాయితంలో జీవి కాదగిన పదార్తం అని రాసేరు కదండీ. అంటే ఏటండీ? ఆయన పోర్టులో కూడా చూపించేరు, ఎవరికీ తెలీలేదండి. మేవేదో పేణాన్ని చంపుకు తింటన్నావని రాసేరనుకున్నావండి. పక్కోళ్ల మొకం చూళ్లేక లేచొచ్చేసేం."

గ్లాసు కింద పెట్టాను. "గుడ్డమ్మా," అన్నాను.

"గుడ్డా?" దుర్గ మొగుడి వంక చూసింది. "గుడ్డేనటండీ!" మళ్లీ నా వంక తిరిగింది. "మరి గుడ్డని రాస్తే పోయేది కదండీ. తెచ్చుకోడం మానేసేవోళ్లం. అంత మంచి ఇల్లు."

నా ముప్ఫై ఏళ్ల సర్వీసులో నా డ్రాఫ్టుని ఎవరూ ఇంత శుభ్రంగా దిద్దలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. "తప్పయిపోయిందమ్మా," అన్నాను. ఒక్క మాటే. ముసాయిదా అక్కర్లేకపోయింది.

"అదేటండీ పెద్దోరు," అంది దుర్గ. "ఉండండి, భోంచేసి ఎళ్దురు గాని. భయపడకండి, మీకు వేరే గిన్నెలో పెరుగన్నం కలుపుతాను. దానికి మాత్రం పెట్టం లెండి."

ఇప్పుడు ప్రతి ఆదివారం నేనూ అనసూయా జగన్నాథపురం వెళ్తున్నాం. ఆ బియ్యపుగింజ మొగ్గ కూజా అయింది. వెనక ఇంకొకటి తొడిగింది. నూకరాజు డ్యూటీ దిగి రాగానే లోపలికి తొంగి చూసి ఎన్ని ఈగలు పడ్డాయో నాకు ఫోను చేస్తాడు. వాళ్ల చేపల కూర వాళ్లు తింటారు, మా పెరుగన్నం మేం తింటాం, మొక్క దాని ఈగ అది తింటుంది. ఇంతవరకూ ఎవరి కడుపూ నొప్పెట్టలేదు.

పోయిన నెల సమావేశంలో నిబంధన పద్నాలుగుకి సవరణ ప్రతిపాదించాను. విశ్వపతి గారు ఆశగా కాగితం అందుకున్నారు. చదివారు. వెనక్కి తిప్పి చూశారు. అటువైపు ఏమీ లేదు. ఇటువైపు మూడే మాటలు: "ఎవరి తిండి వాళ్లది."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, దిగులుగా నా వంక చూశారు.

"ఇదేమిటండీ రామబ్రహ్మం గారూ? ఇలా రాస్తే అందరికీ అర్థమైపోతుంది!"